కోడికీ ఒక తేదీ ఇవ్వండి

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారులకు,

నమస్కారం.

మాది పద్మనాభం మండలంలో గోస్తనీ నదికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఊరు. కొంచెం పొలం, రెండు గేదెలు, ఒక ఆవు, కొన్ని మేకలు, నాలుగు బాతులు, పెరట్లో ఎప్పుడూ పాతిక ముప్పై నాటుకోళ్లు. ఈ ఉత్తరం కోళ్ల కోసం రాస్తున్నాను. అడిగేది ఒక్కటే. గేదెలకు గాలికుంటు టీకా ఎప్పుడు వేస్తారో ఊరికి ముందే తెలుస్తుంది. మేకలకు నట్టల మందు ఎప్పుడు పోస్తారో తెలుస్తుంది. పెరటికోళ్లకు కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) టీకా ఎప్పుడు వేస్తారో కూడా అలాగే తెలిసేలా, ఊరూరికీ ఒక తేదీ ఖాయం చేయండి. ఆ రోజు తెల్లారకముందే, కోళ్లు ఇంకా గూట్లో ఉండగానే, టీకా ఊళ్లోకి వచ్చేలా చూడండి.

కోళ్ల టీకా కోసం కలెక్టర్ గారి దాకా రావాలా అని ఎవరికైనా అనిపించవచ్చు. మా ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా ఇంట్లో పుంజు రెండో కూతకి అత్త లేస్తుంది, ఆ వెనకే నేను. ముందు సాల్లో పేడ తీసి, గేదెలకు కుడితి పెట్టి, పాలు పితికి కేంద్రానికి పంపుతాం. ఆ తర్వాతే కోళ్లగూడు తలుపు తీస్తాం. ఈ వరస మార్చం. కోళ్లను ముందే వదిలితే పాలు తీసే చోటికే వచ్చి గేదె కాళ్ల మధ్య తిరుగుతాయి, గేదె బెదిరి పాలు ఎగబెడుతుంది. తలుపు తీయగానే ముందు పుంజు దూకుతుంది, దాని వెనక పెట్టలు. పిల్లలకోడిని మాత్రం గంప కింద ఉంచి నూకలు, నానబెట్టిన చోళ్లు వేసి, మూకుట్లో నీళ్లు పెడతాం. పిల్లలకు కాస్త రెక్కలు వచ్చేదాకా, ఇంట్లో ఎవరో ఒకరు పెరట్లో ఉన్నప్పుడే వాటిని వదులుతాం. గద్ద ఎప్పుడు దిగుతుందో చెప్పలేం.

మిగిలిన కోళ్లకు మేం వేసేది తక్కువ. పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రం గూటికి చేర్చేటప్పుడు ఒక గుప్పెడు. రోజంతా వాటి తిండి అవే వెతుక్కుంటాయి. గెత్తం పోగు కెలికి పురుగులు తింటాయి, కళ్లంలో రాలిన గింజలు ఏరుకుంటాయి. మా ఆవు మధ్యాహ్నం చింతచెట్టు కింద పడుకుంటే ఒక పెట్ట వచ్చి దాని మెడ ముడతల్లో రక్తం పీల్చే గోమార్లను ఒక్కొక్కటిగా ఏరి తింటుంది. ఆవు కళ్లు మూసుకుని, చెవి కూడా కదపకుండా ఉంటుంది. గోమార్లకు మందు కొనాల్సిన ఖర్చు మాకు అలా చాలావరకు తగ్గుతుంది.

నాటుపెట్ట ఏడాదికి పెట్టేది 50, 60 గుడ్లు. ఒక విడత పన్నెండో పదిహేనో పెట్టి పొదుగుకు వస్తుంది. వాటిలో మంచివి చూసి పదకొండో పదమూడో పొదగేస్తాం, మిగిలినవి తింటాం లేదా అమ్ముతాం. పొదిగిన 21వ రోజుకు పిల్లలు బయటికొస్తాయి. పది పిల్లలు దిగితే గద్దకు, ముంగిసకు, అడవిపిల్లికి పోగా నాలుగైదు పెద్దవవుతాయి. ఆ నాలుగైదింటి మీదే మా లెక్కలన్నీ.

ఆ లెక్క ఎవరిదో చెప్పాలి. పాల డబ్బు ఇంటి పెద్ద ఖాతాలో పడుతుంది. మేకను అమ్మాలంటే బేరం మగవాళ్లు చేస్తారు. వడ్లు, మొక్కజొన్న సంగతి సరేసరి. కోడి డబ్బు మాత్రం ఆడవాళ్లది. గుడ్డు అమ్మినా, పుంజు అమ్మినా ఆ నోటు మా కొంగులోకే వస్తుంది. బడికెళ్లే గుంటల పుస్తకాలు, కాలేజీ పిల్ల బస్సు పాస్, డ్వాక్రా వాయిదాకు తక్కువ పడ్డ డబ్బు, ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే దారిఖర్చు, ఇవన్నీ కోళ్లలోంచే. "గూట్లో కోడుంటే చేతిలో రూపాయి ఉన్నట్టే" అంటుంది మా అత్త. ఆదివారం పూట విశాఖలో నాటుకోడికి ఉండే గిరాకీ మీకు తెలియంది కాదు. బ్రాయిలర్ కంటే ఎంతో ఎక్కువ ధర పలుకుతుంది. ఎంవీపీ కాలనీ నుంచి మా ఊరిదాకా ఫోన్ చేసి చెప్పి ఉంచుకునేవాళ్లున్నారు.

మా వీధిలో ఒకావిడ ఉంది, మేమంతా పెద్దమ్మ అంటాం. భూమి లేదు. వచ్చేది పింఛను, ఉన్నవి ఆరు కోళ్లు. మనవరాలికి పండక్కి గౌను కొనాలన్నా, కాలునొప్పికి మందు తెచ్చుకోవాలన్నా ఆ ఆరు కోళ్ల వైపే చూస్తుంది. ఈ ఉత్తరంలో నేను అడిగేది ఎక్కువగా ఆవిడలాంటి వాళ్ల కోసం.

ఇక తెగులు సంగతి. పంట పోతే ఎలా ఉంటుందో అధికారులు చూసి ఉంటారు. గూడు పోతే ఎలా ఉంటుందో చూసినవాళ్లు తక్కువ.

మొదట ఒక పెట్ట గుంపులోంచి విడిపోయి మూలకు పోతుంది. ఈకలు ఉబ్బించి, రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని నిలబడుతుంది. గింజ వేస్తే చూస్తుంది, తినదు. మర్నాటికి ఆకుపచ్చగా, తెల్లగా పారుతుంది. మెడ చాచి, నోరు తెరిచి గాలి పీలుస్తుంది, గొంతులో గురక వినిపిస్తుంది. బతికుంటే ఆ తర్వాత మెడ మెలి తిరుగుతుంది. ముందున్న గింజను చూసి పొడుస్తుంది, ముక్కు పోయి పక్కన నేలకు తగులుతుంది. మళ్లీ పొడుస్తుంది, మళ్లీ నేలే. ఆకలితో ఉండి, ఎదురుగా తిండి పెట్టుకుని, అందుకోలేక అది పడే అవస్థ చూడలేం. అప్పటికే మరో నాలుగు మూలకు చేరి ఉంటాయి. టీకా లేని గుంపులో ఈ తెగులు పడితే ఒక్కటీ మిగలకపోవచ్చు. ఇది వైరస్ వల్ల వచ్చేది, వచ్చాక నయం చేసే మందు లేదు. వెల్లుల్లి, పసుపు, మిరియాలు నూరి పోస్తారు. షాపులో ఏదో ఒక యాంటీబయాటిక్ ఇస్తారు. ఆ డబ్బు కూడా పోతుంది.

మా గూడు కొన్నేళ్ల కిందట ఇలాగే వారం లోపల ఖాళీ అయింది. సంక్రాంతి వెళ్లిన కొద్దిరోజులకే. పండగ రోజుల్లో కోళ్లు ఊళ్లు మారతాయి. చుట్టాలు తెస్తారు, తీసుకెళ్తారు, సంతలో కొంటారు, అమ్ముతారు. వాటితోపాటే తెగులూ ఊళ్లు మారుతుంది. ఎండలు ముదిరేకొద్దీ ఇంకా పెరుగుతుంది. ఒక ఇంట్లో కోళ్లు చస్తున్నాయని తెలియగానే పక్కింటివాళ్లు ఉన్నవాటిని చవగ్గా అమ్మేస్తారు, లేదా పక్క ఊళ్లో కూతురింటికి పంపేస్తారు. ఎవరిని తప్పు పట్టగలం? కళ్లముందు డబ్బు పోతుంటే ఎవరైనా అదే చేస్తారు. చచ్చినవి గోతిలో సున్నం వేసి పూడ్చాలని తెలిసినా, గట్టి నేల తవ్వే ఓపిక లేనివాళ్లు గెడ్డలో పడేస్తారు. కుక్కలు లాక్కుపోయి ఇంకో వీధిలో వదులుతాయి. ఇలా ఊరు ఊరంతా ఊడ్చుకుపోతుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా పశువుల సాల రేకులు ఎగిరిపోయాయి, జీడితోట పడిపోయింది, కోళ్లగూడు ఎక్కడ పడిందో కూడా తెలీలేదు. అయినా మంచం కిందికి దూరిన రెండు పెట్టలు, ఒక పుంజు మిగిలాయి. వాటితోనే మళ్లీ పెరడు నిండింది. కొక్కెర తెగులులో విత్తనానికి కూడా మిగలవు. మళ్లీ మొదలుపెట్టాలంటే సంతలో కొనాలి. సంతలో కొన్న కోడి ఏం మోసుకొస్తుందో తెలియదు కాబట్టి దాన్ని రెండు వారాలు వేరే గంప కింద ఉంచి చూసుకోవాలి. పెద్దమ్మలాంటివాళ్లు మళ్లీ కొనలేకపోతే పెరడు అలాగే ఉండిపోతుంది.

అయ్యా, ఈ తెగులుకు టీకా లేకపోతే నేను ఈ ఉత్తరమే రాయను. తలరాత అనుకుని ఊరుకునేదాన్ని. కానీ ఉంది, నిన్న మొన్న వచ్చింది కాదు. 1920లలో ఈ జబ్బు మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్ దగ్గర కనిపించింది కాబట్టి రాణిఖేత్ వ్యాధి అన్నారు. అదే కొండల్లో ఉన్న ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థలో 1940లలోనే శాస్త్రవేత్తలు దీనికి టీకా తయారు చేశారు. ఇప్పుడు పెద్ద కోళ్లకు వేసే ఆర్‌2బి టీకా అదే. పిల్ల పుట్టిన వారంలో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క మందు, నెల తిరిగేసరికి లసోటా అనే టీకా, ఎనిమిది వారాలు దాటాక రెక్క దగ్గర చర్మం కింద ఆర్‌2బి సూది. ఇంతే. జబ్బుకు మన దేశపు ఊరి పేరు పెట్టారు, మందు మన దేశంలో చేశారు, ఎనభై ఏళ్లు కావస్తోంది. మా పెరట్లోకి మాత్రం ఆ మందు రావడం లేదు.

ఎందుకు రావడం లేదో కూడా చెబుతాను, ఎందుకంటే ఇందులో ఒకరి నిర్లక్ష్యం అని వేలెత్తి చూపేదేమీ లేదు. చిక్కంతా సీసాలో ఉంది. ఈ టీకా సీసాలు 100, 200, 500, 1000 డోసులవి వస్తాయి. వేల కోళ్లున్న ఫారానికి అది సరిగ్గా సరిపోతుంది. సీసాలో ఉండేది పొడి. దాన్ని చల్లటి ద్రావణంలో కలిపాక గంట, రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. పెద్దమ్మకు ఆరు కోళ్లు. ఆవిడ 100 డోసుల సీసా కొని ఆరు వాడి 94 పారబోయాలా? మా ఇంట్లో ముప్పై ఉన్నా 70 డోసులు నేలపాలే. పైగా కొన్నచోటి నుంచి కోడి ఒంట్లోకి వెళ్లేదాకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఏప్రిల్ ఎండలో, కిక్కిరిసిన బస్సులో, చేతిసంచిలో ఐసుముక్కల మధ్య తెస్తే ఇంటికి వచ్చేసరికి ఐసు నీళ్లవుతుంది. ఆ టీకా వేసినా వేయనట్టే. వేశాం కదా అని ధైర్యంగా ఉంటాం, తెగులు వచ్చి ఊడ్చుకుపోతుంది, అప్పుడు ఊళ్లో అందరూ టీకా పనిచేయదని తీర్మానిస్తారు.

ఒక్క ఇంటికి కుదరని పని ఊరికి సులువుగా కుదురుతుంది. మా ఒక్క వీధిలోనే కోళ్లు వందకు పైనే. వీధికి ఒక సీసా. ఒకే రోజు, ఒకే గంటలో వేస్తే ఒక్క చుక్క వృథా కాదు. అలా సీసా మొత్తం వాడితే ఒక కోడికి పడే ఖర్చు ఒక నాటుగుడ్డు ధర కంటే తక్కువ. ఆ డబ్బు మేం ఇచ్చుకుంటాం. కావలసిందల్లా అందరికీ తెలిసిన తేదీ.

తేదీతోపాటు వేళ కూడా. ఇది మా అనుభవం మీద గట్టిగా చెబుతున్నాను. పది గంటలకు ఐస్ పెట్టెతో ఊళ్లోకి వస్తే లాభం లేదు. అప్పటికి కోళ్లు పొలంలో, జీడితోటలో, కందిచేలో ఉంటాయి. పగటిపూట నాటుకోడిని పట్టడం అయ్యే పని కాదు, కొన్ని చెట్టెక్కుతాయి. పిల్లలంతా కలిసి తరిమితే కోడి అలిసిపోతుంది, అలా రొప్పుతున్న కోడికి సూది వేయడం కూడా మంచిది కాదు. తెల్లవారుజామున గూట్లో ఉన్నప్పుడు పట్టుకోవాలి. చీకట్లో కోడి కదలదు.

మేం ఒకసారి ఇలా చేసి చూశాం. మా దగ్గర అప్పుడు పనిచేస్తున్న పశుసంవర్ధక సహాయకుడు డ్యూటీ వేళ కాకపోయినా మా మాట మన్నించి, ఐస్ పెట్టె బండికి కట్టుకుని చీకటితోనే వచ్చాడు. మేమంతా తమ్ముడూ అని పిలిచే అబ్బాయి. వీధిలో ఆడవాళ్లం ముందురోజే ఇంటింటికీ చెప్పి కోళ్లు లెక్కేసి ఉంచాం. సెల్‌ఫోన్ లైట్ కింద పని. గూడు తలుపు చెయ్యి పట్టేంత తీసి, లోపల తడిమి, రెండు కాళ్లూ కలిపి అందుకుని ఒక్కొక్కదాన్నీ బయటికి తీశాం. రొమ్ముకు ఆనించి పట్టుకుంటే కోడి అరవదు. కోడిపిల్లలకు చుక్క వేసేటప్పుడు తమ్ముడు ఒక సంగతి చెప్పాడు. కంట్లో చుక్క పడగానే వదలకూడదు, కన్ను ఒకసారి మూసి తెరిచేదాకా పట్టుకుని ఉండాలి, లేకపోతే తల విదిలించి చుక్కను బయట పారేస్తుంది. మా గుంటలు కూడా దగ్గర కూచుని "మూసింది అత్తా, తెరిచింది అత్తా" అని చెబుతూ ఉన్నారు. పొద్దు పొడిచేసరికి వీధి మొత్తం అయిపోయింది. పెద్దమ్మ ఆరు కోళ్లతో సహా.

ఆ వేసవిలో తెగులు పక్క వీధిలోకి వచ్చింది. మా వీధిలో ఒకటీ అరా పోయాయి, మిగిలినవి నిలబడ్డాయి. తర్వాత తమ్ముడికి బదిలీ అయింది. మరుసటి ఏడాది ఆ పని జరగలేదు. కొత్తగా వచ్చినవాళ్లూ మంచివాళ్లే. కానీ వాళ్లకు అప్పజెప్పిన పనుల్లో ఇది లేదు, వాళ్ల క్యాలెండర్‌లో దీనికి రోజు లేదు. ఒక మనిషి మంచితనంతో ఒక ఏడాది నడిచిన పని, క్యాలెండర్‌లో ఉంటే ఏటా నడుస్తుంది. నేను అడిగేది ఆ క్యాలెండర్‌లో చోటు.

పశువుల విషయంలో మీ శాఖ ఎంత పని చేస్తోందో మేం కళ్లారా చూస్తున్నాం. 2019లో కేంద్రం గాలికుంటు నివారణ కార్యక్రమం మొదలుపెట్టాక ఉచితంగా ఇంటి ముందుకే వచ్చి గేదెలకు టీకా వేస్తున్నారు. మా రెండు గేదెల చెవులకూ, ఆవు చెవికీ 12 అంకెల నంబరుతో పోగులున్నాయి. 1962కి ఫోన్ చేస్తే వైద్యం బండిలో మా ఊళ్లోకే వస్తుంది. మేకలకు పారుడు, చిటుకు రోగాల టీకాలు వేస్తారు. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే ధైర్యంగా అడుగుతున్నాను. ఐస్ పెట్టెలు మీ దగ్గర ఉన్నాయి, మనుషులున్నారు, రైతు సేవా కేంద్రంలో చోటుంది. కొత్తగా కట్టాల్సింది ఏమీ లేదు.

పెరటికోళ్లు లెక్కలోకి రానంత తక్కువ అని కూడా ఎవరూ అనలేరు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న 85 కోట్ల కోళ్లు, బాతులు వగైరాలో 31 కోట్లకు పైగా పెరట్లో పెంచేవే. అంతకు ముందు 2012లో జరిగిన గణనతో పోలిస్తే ఫారాల్లోవి 5 శాతం కూడా పెరగలేదు, పెరట్లోవి దాదాపు 46 శాతం పెరిగాయి. పల్లెల్లో ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే దీన్ని పెంచుకుంటూ వచ్చారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ జాతులను తయారు చేసి ఇచ్చింది. మంచి జాతి పిల్లలను పంచి, టీకా సంగతి వదిలేస్తే ఆ పిల్లలు ఒక్క వేసవి కూడా దాటవు.

మా ప్రాంతానికి ఇంకో కారణం ఉంది. ఆనందపురం, భీమిలి, పద్మనాభం వైపు ఎటు చూసినా లేఔట్లే. మా మేకలు మేసిన బంజర్లలో ఇప్పుడు హద్దురాళ్లు, ఇనప కంచెలు. మేత కోసం అంతకంతకూ దూరం తోలాలి, రోడ్డు దాటించాలంటే టెన్షన్. మా మరిది మందలో సగం అమ్మేశాడు. గేదెకు పచ్చగడ్డి కొనే రోజులొచ్చాయి. భూమి తగ్గిపోతున్న ఊళ్లో పెరడు చాలు అనే జీవం కోడి ఒక్కటే. అదీ నిలవకపోతే ఈ ఇళ్లలో ఆడవాళ్ల చేతికి సొంత డబ్బు వచ్చే దారి ఇంకేముంటుంది?

మీ శాఖకు కూడా ఈ తేదీ వల్ల ఒక మేలుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఇక్కడ మా ఊళ్లో కూడా నెల్లాళ్లు ఎవరూ కోడి కొనలేదు. భయం ఎంత దూరం పోతుందో అప్పుడు చూశాం. పెరట్లో నాలుగు కోళ్లు వరసగా చస్తే అది కొక్కెర తెగులో, బర్డ్ ఫ్లూయో కంటితో చూసి తేల్చలేం, పరీక్ష చేయాల్సిందే. కానీ పల్లెల్లో కోళ్లు చచ్చినట్టు ఎవరూ పైకి చెప్పరు. చెబితే ఏం జరుగుతుందో, ఉన్నవి కూడా చంపేస్తారేమో అని భయం. ఏటా టీకాకు ఇంటింటికీ వచ్చే మనిషి ఉంటే, ఆ మనిషికి ఫోన్ చేసి చెబుతారు. ముఖం తెలిసినవాళ్లకే మా జనం నిజం చెబుతారు. మేం కోళ్లను చేత్తో పట్టుకునేవాళ్లం, మా గుంటలు కోడిపిల్లలను ఒళ్లో పెట్టుకుని ఆడతారు. ఆ కబురు ముందుగా అందడం మనుషుల ఆరోగ్యానికి కూడా అవసరం.

ఊళ్లో అపోహలున్నాయి, దాచను. "సూదేస్తే కోడి చస్తాది" అనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్లు ఊరికే అనడం లేదు. వయసు చాలని పిల్లకు ఆర్‌2బి వేస్తే, కడుపులో నట్టలతో బలహీనంగా ఉన్నదానికి వేస్తే, అప్పటికే తెగులు సోకినదానికి వేస్తే అలా జరుగుతుంది. బాగున్న కోడి కూడా రెండు మూడు రోజులు నలతగా ఉండొచ్చు, గుడ్లు తగ్గొచ్చు. ఇది ముందే చెప్పాలి. టీకాకు వారం ముందు నట్టల మందు వేయించాలి. ఈ రెండూ చేయాలన్నా తేదీ ముందే తెలియాలి కదా. వారం ముందు గ్రామ సచివాలయంలో బోర్డు మీద రాసి, డ్వాక్రా సంఘాల వాట్సాప్ గ్రూపులో పెట్టి, మైకులో ఒకసారి చెప్పిస్తే చాలు.

తేదీ ఎప్పుడు పెట్టాలి, ఏడాదికి ఎన్ని విడతలు అన్నది డాక్టర్లు నిర్ణయించాలి. పెంచేవాళ్లుగా మాకు తోచింది చెబుతాను. పెద్ద కోళ్ల సూది సంక్రాంతి వెళ్లిన పదిహేను రోజుల్లోపు పడాలి, ఎండలు ముదిరేసరికి వాటి ఒంట్లో బలం ఉండాలి. నాటుపెట్టలు అన్నీ ఒకేసారి పొదగవు, ఏ నెలకా నెల ఏదో ఒక ఇంట్లో పిల్లలు దిగుతూనే ఉంటాయి. కాబట్టి పిల్లల చుక్కమందుకు నెలకో రోజు ఉండాలి. నెల నెలా సిబ్బంది తెల్లవారుజామునే రావడం కష్టమైతే, ఊరికి ఇద్దరు ఆడవాళ్లకు చుక్కమందు వేయడం నేర్పించండి. పశు సఖులు అని ఇప్పటికే సంఘాల్లోంచి తీసుకుని శిక్షణ ఇచ్చే పద్ధతి ఉంది. ఐస్ పెట్టె, సీసా మీ నుంచి వస్తే చాలు, చుక్క వేసే చేతులు ఊళ్లోనే ఉన్నాయి. సూది మాత్రం తెలిసినవాళ్లే వేయాలి.

పద్మనాభం, ఆనందపురం, భీమిలి, పెందుర్తి మండలాల్లో వచ్చే సంక్రాంతి తర్వాత మొదటి విడత మొదలుపెట్టండి. అన్ని ఊళ్లూ ఒకేసారి కుదరకపోతే మండలానికి రెండు ఊళ్లతోనైనా మొదలుపెట్టండి. మా ఊరిని అందులో చేర్చమని నా మనవి. ఏ ఇంట్లో ఎన్ని పెద్ద కోళ్లు, ఎన్ని పిల్లలు ఉన్నాయో వీధుల వారీగా రాసి, పండగలోపే మా సంఘం ఆడవాళ్లం రైతు సేవా కేంద్రంలో అందజేస్తాం. కోడికి ఇంత అని మీరు చెప్పిన డబ్బు ముందే వసూలు చేసి ఉంచుతాం. ముందురోజు రాత్రి సీసాలు వస్తే పెట్టడానికి ఫ్రిజ్ ఉన్న ఇల్లు మాట్లాడి ఉంచాం. ఆ తెల్లవారుజామున వచ్చేవాళ్లకు టీ, టిఫిను మా ఇంట్లోనే. వీధికి నలుగురం కోళ్లు పట్టడానికి సిద్ధంగా ఉంటాం. ఎప్పుడు రమ్మంటారో చెప్పండి.

ఇట్లు,
పద్మనాభం మండలం నుంచి,
కోళ్లు, గేదెలు, మేకలు పెంచుకునే ఒక రైతు ఇంటి కోడలు